అరచేతి వాసన

నాతేర్సియా అబద్ధాలు చెప్పడం జనవరిలో మొదలుపెట్టింది. జూన్ పన్నెండు నాటికి అందులో బాగానే ఆరితేరింది.

జనవరిలో ఆమెకు వారం రోజులు జ్వరం కాసింది. ఆ జ్వరం పోతూ పోతూ వాసనను కూడా పట్టుకుపోయింది. నాలుకకు ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తున్నాయి, అంతే. నూనెలో వెల్లుల్లి వేగుతున్నా, పాలు పొంగి పొయ్యి మీద మాడుతున్నా ఆమె ముక్కుకు ఉత్త గాలే తగులుతోంది. "రావచ్చు, రాకపోవచ్చు, తొందరపడకండి" అన్నాడు డాక్టరు. ఆయనకేం, ఎన్నయినా చెబుతాడు. ముప్ఫై రెండేళ్ళుగా లిస్బన్‌లోని మొరారియా పేటలో వంట చేసుకుని బతికిన మనిషి తొందరపడకుండా ఎలా ఉంటుంది?

ఆ పేటలో ఆమెను ముక్కు నాతేర్సియా అనేవారు. వీధి మొదట్లో నిలబడి, మూడో ఇంటి పులుసులో బిర్యానీ ఆకు ఎక్కువైందని చెప్పేసేది. ఆ ఇంటావిడ నిజమేనని ఒప్పుకునేది కూడా. ఆమె పనిచేసే భోజనశాలను యజమాని మార్చిలో మూసేశాడు. ఏం చెయ్యాలో తోచక కూర్చున్న రోజుల్లోనే చిన్ననాటి స్నేహితురాలు జుల్మీరా ఊడిపడింది.

"గ్రాసా కొండ మీద ఓ కొట్టు చూశానే. ఆరు బల్లలు. నేను గల్లా దగ్గర, నువ్వు పొయ్యి దగ్గర. నీ ముక్కు ఉంటే మనకింకేం కావాలి?" అంది.

పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్ళు ముద్రలు కొట్టి రిటైరైన జుల్మీరా, తన జీవితంలో మొదటిసారి ఒక పిచ్చి పనికి ఒడిగట్టింది. ఆ ఆనందం ఆమె మొహంలో చూశాక నాతేర్సియాకు నోరు పెగల్లేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ మూడు నెలలు గడిపేసింది. సోమవారం పొద్దున జుల్మీరా కొట్టు అద్దెకాగితాల మీద సంతకం పెడుతుంది. ఇవాళ శుక్రవారం.

శుక్రవారమే కాదు, సంత్ ఆంటోనియో పండగకు ముందురోజు కూడా. ఏటా ఈ రోజున జుల్మీరా, నాతేర్సియా, మరో చిన్ననాటి నేస్తం ఒడేత్ ముగ్గురూ పొద్దున్నే బయల్దేరి పేటపేటా తిరుగుతారు. ఒక్కో పేటలో ఒక్కటే తినాలి, తిన్నచోటికి మళ్ళీ వెళ్ళకూడదు. పదిహేడో ఏట పెట్టుకున్న ఈ నియమాన్ని మొగుళ్ళు వచ్చినా, పోయినా ఏనాడూ తప్పలేదు. ఈ ఏడు మాత్రం జుల్మీరా చేతిసంచీలో కొత్త నోటుపుస్తకం ఉంది.

"ప్రతిదీ తిను, అందులో ఏముందో చెప్పు, నేను రాసుకుంటాను. మన కొట్టుకి పనికొస్తుంది" అంది జుల్మీరా, కాంపు ద ఔరీక్ పేటలో కాఫీల ముందు కూర్చోగానే.

"పండగ పూట కూడా గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోలేదు చూడు" అంది ఒడేత్. ఒడేత్ ఇరవై ఆరేళ్ళు ట్రామ్ నడిపింది. రెండేళ్ళ క్రితం కడుపుకి పెద్ద ఆపరేషనైంది, అప్పట్నుంచీ పిట్టలా తింటుంది, మాటలు మాత్రం మునుపటిలాగే ఘాటుగా విసురుతుంది.

గుడ్డు మీగడ నింపిన నాతా అనే చిన్న తీపి బిళ్ళలు వచ్చాయి. జుల్మీరా కలం తీసి సిద్ధంగా కూర్చుంది. నాతేర్సియా ఒకటి తుంచి, కాస్త వెలుగులో పెట్టి చూసింది. మీగడలో పసుపుపచ్చని నలుసులు కనిపించాయి.

"నిమ్మతొక్క కోరి వేశాడు. తొక్క పాలల్లో మరిగించి తీసెయ్యాలి. కోరితే చేదు దిగుతుంది" అంది.

జుల్మీరా మురిసిపోతూ రాసుకుంది. నాతేర్సియా కాఫీ తాగింది. వేడిగా, చేదుగా ఉంది. అంతకుమించి ఏమీ లేదు. కాఫీ అంటే సగం పైగా వాసనేనని పోయాకే తెలిసింది ఆమెకు.

అక్కడినుంచి మద్రగోవాకు నడిచారు. సందులనిండా రంగుకాగితాల తోరణాలు కట్టారు. ఇళ్ళ ముందు పెనాల వంటి ఇనపపొయ్యిలు పెట్టి, బొగ్గులు రాజేసి, కవళ్ళు అనే చిన్న చేపలు కాలుస్తున్నారు. అబద్ధమాడటానికి ఇంతకంటే కష్టమైన రోజు ఏడాది మొత్తంలో లేదు. పొగ కళ్ళల్లోకి వచ్చి నీళ్ళు తెప్పిస్తోంది, ముక్కులోకి మాత్రం రావడం లేదు. "అబ్బ, ఏం వాసనే!" అని జుల్మీరా అన్నప్పుడల్లా నాతేర్సియా "అబ్బ" అంటోంది.

మెట్ల మలుపులో ఒక ముసలమ్మ మంజెరీకో మొక్కలు అమ్ముతోంది. చిన్న మట్టికుండీల్లో బంతుల్లా గుబురుగా పెరిగిన తులసిజాతి సన్నాకు మొక్కలు, ఒక్కోదానికీ ఒక కాగితం పువ్వు, ప్రేమపాట ముక్క రాసిన చిన్న జెండా. ఎవరో పరదేశి కుర్రాడు వంగి, ఒక మొక్కలో ముక్కు పెట్టబోయాడు. ముసలమ్మ పెట్టిన కేకకు బాల్కనీలో పిల్లి లేచి పారిపోయింది.

"ముక్కు పెట్టకూడదు నాయనా! మొక్క ఎండిపోద్ది!" అని జుల్మీరా పరిగెత్తి, తన అరచేతిని మొక్క మీద మెల్లగా ఆనించి, ఆ చెయ్యి వాసన చూసి, అతనికి చూపించింది. "ఇలా. చెయ్యి ముందు, ముక్కు తర్వాత."

"పాపం, వాళ్ళ ఊళ్ళో అమ్మలు చెప్పరు కాబోలు" అంది ఒడేత్. ఇక్కడ మాటలు రాని పిల్లకు కూడా ఈ సంగతి తెలుసు.

మద్రగోవాలో వంతు నత్తలది. వాటిలో ఒరెగానో కాడలు తేలుతూ కంటికే కనిపిస్తున్నాయి, కాబట్టి నాతేర్సియా ధైర్యంగా "ఎండు ఒరెగానో, పచ్చిది కాదు. వెల్లుల్లి పొట్టుతోనే వేశారు" అంది. జుల్మీరా మళ్ళీ రాసుకుంది.

ఒడేత్ పుల్లతో ఒకే ఒక్క నత్తను బయటికి లాగుతూ, తల ఎత్తకుండానే అంది. "ఇవాళేమిటే, పళ్ళెం ముక్కు దగ్గరికి తీసుకోవడం లేదు నువ్వు? కళ్ళతోనే తినేస్తున్నావు."

నాతేర్సియా చూపు పక్కకు తిప్పుకుంది. "పొగకి ముక్కు దిబ్బడేసింది" అంది.

మొరారియా దాకా ట్రామ్ ఎక్కారు. దారి పొడుగునా ఒడేత్ ఆ డ్రైవరు బ్రేకు ఎక్కడ తప్పుగా నొక్కాడో చెబుతూ, అతని చెవిలో పడేట్టు "నా రోజుల్లో గుడ్లబుట్ట పెట్టుకున్నవాళ్ళు కూడా నిలబడే వచ్చేవారు" అని గొణిగింది. ఆ మాటకు నవ్వుతూనే నాతేర్సియా లోపల లెక్కపెట్టుకుంటోంది. మొరారియా తర్వాత గ్రాసా ఒక్కటే మిగిలింది. అక్కడ కొట్టు ముందు నిలబడినప్పుడు చెప్పాలి. చెప్పే తీరాలి.

మొరారియాలో బెల్మీరో గారి కొట్టుకు వెళ్ళారు. డెబ్బై ఏళ్ళ మనిషి, నాలుగు బల్లలు, బయట ఇంకో రెండు. గోడ మీద పటం లేదు, ధరల పలక లేదు. ఏముందో ఆయన నోటితో చెబుతాడు, మనం తింటాం. పొద్దున సెతూబల్ రేవు నుంచి సముద్రపు గుల్లలు వచ్చాయన్నాడు. వెల్లుల్లి, కొత్తిమీర, నిమ్మరసం వేసి వండి, రొట్టెతో పాటు తెచ్చిపెట్టాడు.

"నాతేర్సియా వచ్చిందంటే నాకు పరీక్షే. కానీ అమ్మా, చెప్పు" అని చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. పక్కబల్ల దగ్గరివాళ్ళు కూడా చెవులు రిక్కించారు.

నాతేర్సియా పళ్ళెంలోకి చూసింది. ఈసారి కళ్ళు సాయం చెయ్యలేదు. రసం కాస్త మబ్బుగా ఉంది. ఆయన పిండి కలిపి ఉండొచ్చు. గుల్లలు చెడినా అలాగే ఉంటుంది. రెండు గుల్లలు సగమే తెరుచుకున్నాయి. ఎండ మండిపోతోంది, సెతూబల్ నుంచి వచ్చిన బండి ఎక్కడెంతసేపు ఆగిందో ఎవరికి తెలుసు? ముక్కున్న రోజుల్లో ఇది ఆలోచించాల్సిన సంగతే కాదు, పళ్ళెం బల్ల మీదికి రాకముందే తేలిపోయేది. ఎదురుగా ఒడేత్ ఒక గుల్ల తీసి, తిని, రెండోదానికి చెయ్యి చాచింది. ఆపరేషను నాడు ఆస్పత్రి వరండాలో కూర్చున్న రాత్రి నాతేర్సియాకు గుర్తొచ్చింది.

"తినకు!" అని పళ్ళేన్ని లాగేసింది. రసం బల్ల మీద పరిచిన కాగితంపై అంతా ఒలికింది.

"ఏమైంది?" అన్నాడు బెల్మీరో.

"బాగాలేవు."

ముసలాయన వంగి, ఒలికిన గుల్లల్లోంచి ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. మరొకటి తిన్నాడు. ఆ తర్వాత ఆమె కళ్ళల్లోకి చూసి అడిగాడు. "నీ ముక్కు చెప్పిందా?"

అదొక్కటే అవకాశం. అది కూడా పోగొట్టుకుంది నాతేర్సియా.

"చెప్పింది" అంది.

ముక్కు నాతేర్సియా మాట మొరారియాలో చిన్న మాట కాదు. పక్కబల్ల దగ్గర ఒకామె తన పళ్ళేన్ని పక్కకు జరిపింది. ఇంకో బల్ల దగ్గరి నలుగురు లేచి వెళ్ళిపోయారు. బెల్మీరో ఎవరినీ ఆపలేదు, ఎవరితోనూ వాదించలేదు. తుడుపుగుడ్డ తెచ్చి బల్ల తుడవసాగాడు.

బయటికొచ్చాక జుల్మీరా పొంగిపోతోంది. "చూశావటే ఒడేత్? మన వంటమనిషి! మొహమాటం లేదు, భయం లేదు. ఇలాంటిది వంటింట్లో ఉంటే మన కొట్టుకి తిరుగుందా?"

"నేనొకటి తిన్నాను. నాకు బాగానే ఉంది" అంది ఒడేత్.

"నీకేం తెలుసే? నాతేర్సియా బాగాలేవంటే బాగాలేనట్టే."

మెట్లు ఎక్కుతూ నాతేర్సియా వెనకబడింది. ఇన్నాళ్ళూ తన అబద్ధం తననే తింటోంది అనుకుంది. ఇవాళ అది ఒక ముసలివాడి పండగ బేరాన్ని మింగేసింది. ఆయన గుల్లలు బాగున్నాయో లేదో ఆమెకు నిజంగా తెలియదు. తెలియనిదాన్ని తెలుసునని చెప్పింది, అది కూడా ఆయన ముఖం మీదే. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గ్రాసా మలుపులో దియోలిందా అనే ఆమె మంజెరీకోలు అమ్ముతోంది. "రండమ్మా, ముగ్గురికీ మూడు, ఇంకా మొగుళ్ళు దొరుకుతారేమో" అంది. ఒడేత్ ఏదో జవాబు చెప్పి నవ్వించింది. నాతేర్సియా వినడం లేదు. ఆమెకు తెలిసిన వాసనలన్నింటిలోకీ ఘాటైనది ఇదే. చిన్నప్పుడు నాన్న ఏటా ఒకటి తెచ్చి కిటికీలో పెట్టేవాడు, జూన్ అంతా ఇల్లు ఇదే వాసన వేసేది. ఇదైనా వస్తే! కొంచెమైనా వస్తే!

ఆమె కుండీని రెండు చేతులా ఎత్తి, ఆకుల్లో మొహం మొత్తం దూర్చేసింది.

దియోలిందా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నాతేర్సియా గట్టిగా లోపలికి పీల్చింది, మళ్ళీ పీల్చింది. ఆకులు బుగ్గలకు చల్లగా తగిలాయి, అంతే.

"నీకేమన్నా మతి పోయిందటే!" అని జుల్మీరా అరిచింది. అరిచాక ఆమె గొంతు తగ్గింది. అరవై ఒక్క ఏళ్ళ లిస్బన్ మనిషి మంజెరీకోలో ముక్కు పెట్టదు. పరదేశి పెడతాడు, లేదా ఇక పోయేదేమీ లేనివాళ్ళు పెడతారు. "నాతేర్సియా, ఏమిటే?"

"రావడం లేదే" అంది నాతేర్సియా, ఆకుల్లోంచి మొహం ఎత్తకుండానే. "ఏమీ రావడం లేదు. జనవరి నుంచి."

చెప్పేశాక ఏడుపు ఆగలేదు. నడివీధిలో కుండీ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఒడేత్ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. జుల్మీరా వెయ్యలేదు. నోటుపుస్తకం తెరిచి పొద్దుటి నుంచి రాసుకున్నవి చూస్తోంది.

"నిమ్మతొక్క?"

"కంటికి కనిపించింది."

"ఒరెగానో?"

"అది కూడా."

"ఐదు నెలలు! సోమవారం సంతకం పెట్టబోతున్నానే నేను! నన్ను వెర్రిదాన్ని చేసి ఆడించావు!"

"నువ్వు నా ముక్కు కోసం వచ్చావు జుల్మీరా. అది లేదంటే నువ్వు వెళ్ళిపోతావని భయమేసింది."

జుల్మీరా పుస్తకం మూసింది. మొహం కందిపోయి ఉంది. కాసేపటికి ఆమెకు ఇంకోటి తట్టింది. "మరి బెల్మీరో గారి గుల్లలు?"

"తెలియదు. ఒడేత్ కడుపు గుర్తొచ్చి భయపడ్డాను. తెలియదని చెప్పాల్సింది, చెప్పలేకపోయాను."

ఒడేత్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నా కడుపు సంగతి నేను చూసుకుంటాను గానీ, ఆ ముసలాయన సంగతి ఎవరు చూస్తారు? పదండి వెనక్కి."

"తిన్నచోటికి మళ్ళీ వెళ్ళకూడదుగా" అంది జుల్మీరా, ఇంకా కోపంగానే.

"తిననిచ్చిందా అసలు? నియమం వర్తించదు" అంది ఒడేత్.

ముక్కు తగిలిన మొక్కను ఇక ఎవరూ కొనరు కాబట్టి జుల్మీరా దాని డబ్బులు దియోలిందా చేతిలో పెట్టి, కుండీని చంకన పెట్టుకుని ముందు నడిచింది.

బెల్మీరో కొట్టులో బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. పేటలోవాళ్ళు ఎదురు అరుగు మీద కూర్చుని, ఆ కొట్టుకేసి చూస్తూ మాట్లాడుకుంటున్నారు. ఆయనతో చెవిలో చెబితే సరిపోదని నాతేర్సియాకు అర్థమైంది. లేచి వెళ్ళిపోయినవాళ్ళూ వినాలి. విన్నాక ఈ ఊళ్ళో ఎవరూ తనను వంటకు పిలవకపోవచ్చు. ఆ సంగతి తెలిసే ఆమె గుమ్మం ముందు, వీధికి ఎదురుగా నిలబడింది.

"బెల్మీరో గారూ ఒడేతూ తిని చూశారు, ఆ గుల్లలకు ఏ దోషం లేదు" అని గట్టిగా అంది. "నాకు ఐదు నెలల నుంచి వాసన తెలియడం లేదు. ముక్కు చెప్పిందని అబద్ధమాడాను. తప్పు నాది."

అరుగు మీద ఎవరో "అయ్యో, నాతేర్సియా" అన్నారు. బెల్మీరో తుడుపుగుడ్డ భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చి, ఆమెను కిందికీ పైకీ చూశాడు.

"ఈ మాట అప్పుడే చెబితే నేనే వాసన చూసి చెప్పేవాణ్ణిగా" అన్నాడు.

"చెప్పాల్సింది."

"నా పండగ బేరమంతా పోయింది."

"తెలుసు."

ఆయన లోపలికి వెళ్ళి, ఉప్పు చల్లిన కవళ్ళ పళ్ళెం, పట్టకారు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. "ఏడుస్తూ నిలబడితే బల్లలు నిండవు. బయట పొయ్యి ఉంది. ఈ బల్లలు నిండేదాకా కాల్చు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

నాతేర్సియా కాల్చింది. మొదటి వరస పెట్టాక కొవ్వు బొగ్గుల మీద పడి చిటపటలాడింది. ఆ చప్పుడు సన్నబడగానే తిప్పింది. తోలు మీద బుడగలు లేచి, అంచులు బంగారు రంగు తిరిగేసరికి తీసి రొట్టె మీద పెట్టింది. ఒక్కటీ మాడలేదు, ఒక్కటీ విరగలేదు. మొదటి పళ్ళెం ఒడేత్ అరుగు మీదికి పట్టుకెళ్ళి, "వాసన నేను చూశాను, తినండి" అని ట్రామ్‌లో టిక్కెట్లు ఇచ్చినట్టు తలో చేపా పంచింది. కాసేపటికి ఇద్దరొచ్చి కూర్చున్నారు. తర్వాత ఒక కుటుంబం వచ్చింది. పళ్ళేన్ని పక్కకు జరిపినామె కూడా వచ్చి, గుల్లలు కావాలంది.

ఎనిమిదైనా ఇంకా వెలుగుంది. జుల్మీరా ఇంతసేపూ కుండీ ఒళ్ళో పెట్టుకుని పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుంది. చివరికి చూసి చూసి అంది.

"ఎప్పుడు తిప్పాలో ఎలా తెలుస్తోందే?"

"చెవికి."

"గుల్లలైతే?"

"అక్కడే చిక్కు. చెడినవి చెవికి చెప్పవు, కంటికీ చెప్పవు. ఎవరో ఒకరు వాసన చూడాలి" అంది నాతేర్సియా. అబద్ధం చెప్పకుండా మాట్లాడటం ఇంత తేలికా అనిపించింది ఆమెకు. "నీ కొట్టుకి వేరే మనిషిని చూసుకో జుల్మీరా. ఆ మాట ఇవాళ చెబుదామనే వచ్చాను."

జుల్మీరా నోటుపుస్తకంలో రాసిన కాగితాలు చింపి పొయ్యిలో వేసింది. అవి భగ్గున మండాయి.

"మన ముగ్గురికీ కలిపి మూడు ముక్కులు. వాటిలో రెండు పనిచేస్తున్నాయి. ఆరు బల్లలకు చాలవటే?" అంది.

నాతేర్సియా పట్టకారు పట్టుకుని ఆమెకేసి చూసింది.

"నాకింకా కోపం తగ్గలేదు, అలా చూడకు" అంది జుల్మీరా. "సంతకం మాత్రం పెడతాను."

నాతేర్సియా పట్టకారు పక్కన పెట్టింది. వంగి, జుల్మీరా ఒళ్ళో ఉన్న మంజెరీకో మీద అరచెయ్యి మెల్లగా ఆనించింది. ఆ చేతిని తన ముక్కు దగ్గరికి తెచ్చుకోలేదు. జుల్మీరా ముక్కు దగ్గర పెట్టింది.

"చెప్పు" అంది.

జుల్మీరా కళ్ళు మూసుకుని, పరీక్ష రాసే పిల్లలా ఊపిరి తీసింది. మళ్ళీ తీసింది. కళ్ళు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి.

"చేపల కంపు తప్ప ఏమీ తెలియడం లేదే" అంది. "పోయి చేతులు కడుక్కుని రా. వాసన ఎలా ఉందో మొదట్నుంచీ చెబుతాను."